చూసేవారికో ముఖం, నడిచేవారికో కాలు

లేని అవయవం: చరిత్ర ధారావాహిక - 9

గత భాగంలో వాటర్లూ యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ఆంగ్లెసీ ప్రభువు కొయ్యకాలునీ, అమెరికా అంతర్యుద్ధం మొదలైన 1861లోనే కాలు పోయిన జేమ్స్ హాంగర్ అనే కుర్రాడు పీపా చెక్కలతో తనకు తానే చేసుకున్న కాలునీ చూశాం. ఆ కథల్లో అవయవం తయారైంది నడవడానికి. ఈసారి పక్కదారి పడదాం. ఎదుటివాళ్ల చూపు కోసం తయారైన అవయవాల దారి అది. అక్కడ డాక్టరు కంటే ముందు శిల్పి ఎదురవుతాడు. ఆ వెనకే రంగులవాడు, నటుడు, సినిమా స్టూడియో వస్తాయి.

ఈ దారిలో నడుస్తున్నంతసేపూ రెండు ప్రశ్నలు గుర్తుంచుకుంటే చాలు. చూసేవాడికి ఏం కనిపించాలి? తొడుక్కున్నవాడు ఏం చేసుకోగలగాలి? మొదటిది నాటకంవాళ్ల ప్రశ్న, రెండోది ఆస్పత్రివాళ్ల ప్రశ్న అని ఎవరైనా అనుకుంటారు. చరిత్రలో అది చాలాసార్లు తలకిందులైంది.

నీలం రంగు బెంచీలు

మొదటి ప్రపంచయుద్ధం కందకాల యుద్ధం. ఒళ్లంతా కందకంలోనే ఉంటుంది, తల ఒక్కటే గట్టు మీదికి లేస్తుంది. మెషీన్‌గన్ తూటాలూ ఫిరంగి గుండ్ల పెంకులూ ఆ తలకే తగిలేవి. అంతకుముందు యుద్ధాల్లో అలాంటి దెబ్బ తగిలినవాళ్లలో చాలామంది అక్కడికక్కడే పోయేవారు. 1914 నాటికి మత్తుమందులు, క్రిమినాశక పద్ధతులు, క్షతగాత్రుల్ని మోసుకొచ్చే ఏర్పాట్లు మెరుగుపడ్డాయి. ప్రాణం దక్కింది. ముక్కో దవడో కన్నో దక్కలేదు.

ఇలాంటివాళ్ల కోసమే లండన్ శివార్లలోని సిడ్‌కప్‌లో 1917లో క్వీన్స్ హాస్పిటల్ తెరిచారు. న్యూజిలాండ్‌లో పుట్టిన హెరాల్డ్ గిల్లీస్ అక్కడ పెద్ద డాక్టరు. 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు పైగా ఆపరేషన్లు అక్కడ జరిగాయి. నేటి ప్లాస్టిక్ సర్జరీ చాలావరకు ఆ బల్లల మీదే రూపు దిద్దుకుంది. నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు కట్టే పద్ధతి మాత్రం గిల్లీస్‌కు ముందే మన దేశం నుంచి ఇంగ్లండు చేరింది. టిప్పు సుల్తాను సేనలు ముక్కు కోసిన కొవాస్‌జీ అనే బండివాడికి పుణె దగ్గర ఒక కుమ్మరి కులస్థుడు కొత్త ముక్కు కట్టిన సంగతిని 1794లో ఒక లండన్ పత్రిక బొమ్మతో సహా అచ్చువేసింది. దాన్ని ఈ ధారావాహికలో మరోచోట వివరంగా చెప్పుకుందాం.

సిడ్‌కప్ ఆస్పత్రి నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలో కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు. వాటి మీద కూర్చునేవాళ్ల ముఖాలు చూసి ఉలిక్కిపడొద్దని ఊరివాళ్లకు అదో హెచ్చరిక. వార్డుల్లో అద్దాలు ఉండనిచ్చేవారు కాదు. రోగి బాధ ఒకటైతే, వాణ్ని చూసినవాళ్ల బాధ కూడా వైద్యంలో ఒక భాగమైపోయిందన్నమాట.

అన్ని ముఖాలనూ కత్తి బాగుచేయలేదు. కోయడానికి, అతకడానికి కండే మిగలనప్పుడు సర్జన్ చేతులెత్తేసేవాడు. అక్కడ రంగంలోకి దిగినవాడు ఫ్రాన్సిస్ డెర్వెంట్ వుడ్ అనే శిల్పి. నలభై దాటిన వయసులో సైన్యంలో చేరితే ఆయన్ను లండన్‌లోని వాండ్స్‌వర్త్ ఆస్పత్రిలో అర్దలీ పనికి వేశారు. విరిగిన ఎముకలకు బద్దలు తయారుచేస్తూ చేస్తూ ముఖాల మీద పడింది ఆయన ధ్యాస. సర్జన్ పని ఎక్కడ ఆగుతుందో తన పని అక్కడ మొదలవుతుందన్నది వుడ్ వైఖరి. ఆయన విభాగానికి సైనికులు పెట్టుకున్న పేరు ‘రేకు ముక్కుల దుకాణం’.

ప్యారిస్‌లో ఒక మేడ మీద

వుడ్ పని గురించి విన్న అమెరికన్ శిల్పి ఆనా కోల్మన్ లాడ్ 1917 చివర్లో ఫ్రాన్స్ చేరింది. ఆమె భర్త డాక్టరు, అప్పటికే రెడ్‌క్రాస్ తరఫున అక్కడ పనిచేస్తున్నాడు. రెడ్‌క్రాస్ అండతోనే ప్యారిస్‌లోని లాటిన్ క్వార్టర్లో ఒక మేడ మీద ఆమె ముసుగు ముఖాల స్టూడియో పెట్టింది. మెట్లెక్కి వచ్చిన సైనికుడికి అక్కడ ఆస్పత్రి వాసన తగలదు. పూలు, జెండాలు, గోడల మీద పోస్టర్లు ఉంటాయి. వచ్చినవాణ్ని కూర్చోబెట్టి మాట్లాడించేవారు, డామినోలు ఆడుకోనిచ్చేవారు. ఎవరూ తేరిపార చూసేవారు కాదు.

పని చాలా ఓపికతో సాగేది. గాయం పూర్తిగా మానాక ముఖం మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీసేవారు. ఆ అచ్చులోంచి పోసుకున్న బొమ్మ మీద, యుద్ధానికి ముందు దిగిన ఫొటో పక్కన పెట్టుకుని, పోయిన ముక్కునో చెంపనో మెత్తటి మట్టితో మళ్లీ మలిచేవారు. దాని నుంచి విద్యుత్తుతో లోహపు పూత పోసే పద్ధతిలో రాగి రేకు ముసుగు తీసేవారు. మందం అంగుళంలో 32వ వంతు, అంటే మిల్లీమీటరు కన్నా తక్కువ. ముఖంలో ఎంత భాగం కప్పాలన్నదాన్ని బట్టి బరువు 110 నుంచి 250 గ్రాముల దాకా ఉండేది. అది జారకుండా చాలావాటికి కళ్లజోడే ఆధారం. కళ్లజోడు తీస్తే ముఖమూ దాంతోపాటే వచ్చేస్తుంది.

అసలు పనితనమంతా రంగులో ఉంది. మనిషికి ముసుగు పెట్టి ఉంచే రంగు వేసేవారు, చుట్టూ ఉన్న అసలు చర్మంతో కలిసిపోవాలి కనుక. ఎండలో మనిషి ఒంటి రంగు ఒకటి, మబ్బు పట్టినప్పుడు ఇంకొకటి. రెంటికీ నడిమి రంగును పట్టుకునేది లాడ్. గడ్డం గీసుకున్న మగవాడి చెంప మీద కనిపించే ఆ సన్నటి నీలి నీడను కూడా వదిలేది కాదు. కనుబొమలకు, మీసాలకు నిజం వెంట్రుకలు అతికేవారు. ఒక్కో ముసుగుకు దాదాపు నెల పట్టేది. 1919 చివరికి ఆ స్టూడియో నుంచి బయటికొచ్చినవి 185 ముసుగులు. యుద్ధంలో ముఖం దెబ్బతిన్నవాళ్లు సుమారు 20,000 మంది అని ఒక అంచనా. 1920 నాటికి రెడ్‌క్రాస్ నిధులు ఆగిపోయి స్టూడియో మూతపడింది. 1932లో ఫ్రాన్స్ ప్రభుత్వం లాడ్‌కు తమ దేశపు గొప్ప గౌరవమైన లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది.

ముసుగు పెట్టుకున్నవాడు రైలెక్కవచ్చు. వీధిలో నడవవచ్చు. పిల్లలు ఏడవరు. ఆ మేరకు అది గొప్ప మేలే, సందేహం లేదు. కానీ ఆ రాగి ముఖం నవ్వదు, నమలదు, మాట్లాడేటప్పుడు కదలదు. మనిషి జుట్టు నెరుస్తుంది, ముసుగు మాత్రం ఫొటోలోని ఇరవై రెండేళ్ల కుర్రాడిలాగే ఉండిపోతుంది. కొన్నేళ్లకే రంగు గీకుకుపోయి రేకు బయటపడేది. చూసేవాడికి ఏం కనిపించాలన్న ప్రశ్నకు ఆ స్టూడియో జవాబు ఆ రోజుల్లో అంతకుమించి సాధ్యం కానిది. తొడుక్కున్నవాడు ఏం చేసుకోవాలన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. ఆస్పత్రి నాటకంవాళ్ల ప్రశ్న అడిగిన సందర్భం ఇది.

సారా బెర్నార్ పల్లకి

అదే యుద్ధకాలంలో, అదే ఫ్రాన్స్‌లో, నాటకరంగం మహారాణి తన సంగతి ఇంకోలా తేల్చుకుంది. సారా బెర్నార్ అప్పటికి ప్రపంచమంతా తెలిసిన నటి. 1899లో హామ్లెట్‌గా మగవేషం కట్టి రంగస్థలాన్ని ఏలిన మనిషి. ఏళ్ల తరబడి వేధించిన కుడి మోకాలు చివరికి పనికిరాకుండా పోవడంతో, 1915 ఫిబ్రవరిలో బోర్డో నగరంలో మోకాలి పైదాకా కాలు తీసేశారు. అప్పుడామెకు డెబ్బయ్యేళ్లు.

కొయ్యకాలు తెప్పించారు. పెట్టుకుని చూసింది, నచ్చలేదు, పక్కన పడేసింది. చంకకర్రలూ వద్దంది. తెల్లరంగు వేసి బంగారు పూత అద్దిన ఒక పల్లకి కుర్చీ చేయించుకుని, ఇద్దరు మనుషులు మోస్తుంటే అందులో తిరిగింది. మరుసటి ఏడాది యుద్ధరంగం దగ్గరికే వెళ్లి సైనికుల ముందు నటించింది. ఆ తర్వాత అమెరికా యాత్ర కూడా చేసింది. కూర్చునో, పడుకునో, ఆసరాకు ఒరిగి నిలబడో చెప్పగలిగే పాత్రల్ని, ఘట్టాల్ని ఎంచుకుంది. 1923లో చనిపోయేదాకా నటన మానలేదు.

లేని కాలును ఉన్నట్టు చూపించడానికి ఆమె ఒప్పుకోలేదు, పనికిరాని కాలును మోయడానికీ ఒప్పుకోలేదు. ఒంటిని మార్చుకునే బదులు ఆటను మార్చింది. డబ్బు, పేరు, మోయడానికి మనుషులు ఉన్నారు కాబట్టి చెల్లింది. కందకంలో కాలు పోయిన రైతుబిడ్డకు ఆ వీలు లేదు. అయినా ఆ నిర్ణయంలో ఒక తీర్పు ఉంది. తొడుక్కునేవాడి పనికి అడ్డొచ్చే అవయవం ఎంత అందంగా చెక్కినా మూలనే పడుతుంది.

వేషం కట్టేవాళ్లకు ఎప్పుడో తెలుసు

ఈ సంగతి రంగస్థలం మీద వేషం కట్టేవాళ్లకు చాలాకాలంగా తెలుసు. నాట్యశాస్త్రంలో ఆహార్యాభినయానికి ఒక అధ్యాయమే ఉంది. వెదురు, తోలు, గుడ్డలతో కూర్చేవి సంధిమాలు, యంత్రంతో కదిలించేవి వ్యాజిమాలు, చుట్టి చేసేవి వేష్టిమాలు అని రంగం మీద వాడే కృత్రిమ వస్తువుల్ని అక్కడ విడదీసి చెప్పారు. గుడ్డకు మారేడు గుజ్జు పట్టించి పాత్రలకు తలలు, ముఖాలు తయారుచేసే పద్ధతి కూడా అందులో ఉంది. ఆ వస్తువులన్నిటికీ ఒక నియమం: బరువు ఉండకూడదు. బరువైన నగలతో నటుడు అలిసిపోతాడని, ఆయాసంతో ఆట చెడుతుందని శాస్త్రకారుడికి తెలుసు.

చిందు భాగవతుల కిరీటాలు, భుజకీర్తులు చూడండి. దూరం నుంచి బంగారంలా మెరిసే ఆ సామగ్రిని చెక్కేది పొణికి కర్రతో. కొండపల్లి బొమ్మలు చేసేదీ ఆ తేలిక కర్రతోనే. రాత్రంతా గెంతాలి కదా మరి.

కథకళిలో ‘చుట్టి’ ఇంకా గమనించదగ్గది. బియ్యప్పిండి, సున్నం కలిపిన ముద్దతో దవడ అంచు వెంట తెల్లటి చట్రం కడతారు. ఇప్పుడు దానికి కాగితం అంచులు అతుకుతున్నారు. నటుడు నేలమీద వెల్లకిలా పడుకుంటే చుట్టి వేసే కళాకారుడు తల దగ్గర కూర్చుని గంటల తరబడి ఆ పని చేస్తాడు. నటుడు ఒక కునుకు తీసేస్తాడు కూడా. ఆ చట్రం దవడ దగ్గరే ఆగుతుంది. కళ్లు, కనుబొమలు, చెంపలు, పెదవులు స్వేచ్ఛగా ఉంటాయి, అభినయమంతా వాటిదే కనుక. దీపం వెలుగులో ముఖాన్ని పెద్దది చేసి చూపించాలన్న కోరిక చూసేవాడిది. కదలాల్సినచోట ఏదీ అడ్డుండకూడదన్న పట్టు నటుడిది. చుట్టి రెంటికీ కుదిరిన ఒప్పందం.

మన కూచిపూడి భామాకలాపంలో సత్యభామ వేషం తరతరాలు మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా వేషం కట్టి నిలబడితే ఆడది కాదంటే నమ్మలేకపోయేవారట జనం. ఆ వేషానికి ప్రాణం జడ. సవరం పెట్టి, బంగారు బిళ్లలు కుట్టి, కుప్పెలు కట్టిన ఆ జడను తెర మీదుగా ఇవతలికి వేసి సత్యభామ ప్రవేశిస్తుంది. నన్ను మించినవాళ్లుంటే రమ్మన్న సవాలు అది. తెచ్చిపెట్టుకున్న జుట్టు అక్కడ అలంకారం స్థాయి దాటి అభినయానికి పనిముట్టు అయింది. నటుడు దానితో ఏదో ఒకటి చేస్తాడు. అందుకే అది అతని ఒంటిదైపోతుంది.

కెమెరా దగ్గరికి జరిగింది

దీపం వెలుగులో యాభై అడుగుల దూరం నుంచి చూసే ప్రేక్షకుడు పోయి, చెంప పక్కకే వచ్చి చూసే కెమెరా వచ్చాక ఈ ఒప్పందం చెడింది. అతుకు కనపడకూడదు, అంచు కనపడకూడదు. ఆ తాపత్రయంలో హాలీవుడ్ లోపల ఉన్న మనిషిని మరిచిపోయింది. 1939 నాటి ‘ద విజర్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాలో రేకుమనిషి వేషం మొదట బడ్డీ ఎబ్సెన్‌ది. ముఖం మీద చల్లిన అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఆస్పత్రి పాలయ్యాడు. ఆ వేషం జాక్ హేలీకి ఇచ్చారు. పొడి మానేసి ముద్దలా పూశారు. అదే సినిమాలో సింహం వేషం కట్టిన బర్ట్ లార్, ముఖానికి అతికించిన రబ్బరు చెడుతుందని మధ్యాహ్నం పూట ద్రవాహారంతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది.

ఈ లోటు గమనించినవాడు సినిమాలోంచి రాలేదు. ఆస్పత్రిలోంచి వచ్చాడు. పేరు జాన్ చాంబర్స్. 1922లో షికాగోలో పుట్టాడు, కమర్షియల్ ఆర్టు నేర్చుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో వైద్య సాంకేతికుడిగా పనిచేశాడు. యుద్ధం అయ్యాక ఇల్లినాయ్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో చేరి ముక్కులు, చెవులు, చేతులు తయారుచేశాడు. ఆనా లాడ్ చేసిన పనే, రాగి బదులు రబ్బరు, ప్లాస్టిక్కులతో. 1953లో ఆ అనుభవం పట్టుకుని టెలివిజన్ మేకప్‌లోకి వచ్చాడు.

1968లో విడుదలైన ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ అతని పేరు నిలబెట్టింది. చింపాంజీలు, గొరిల్లాలు, ఒరాంగుటాన్లు మాట్లాడాలి, వాదించాలి, ముద్దు కూడా పెట్టాలి. మామూలు మాస్కు తగిలిస్తే నవ్వులపాలవుతుంది. చాంబర్స్ ముఖాన్ని ముక్కలుగా చేశాడు. పై పెదవి, ముక్కు కలిపి ఒక ముక్క, గడ్డం ఇంకొకటి, నుదురు మరొకటి. కింద ఉన్న నటుడి కండరం కదిలితే పైన రబ్బరూ కదిలేలా వాటిని అతికాడు. చర్మానికి గాలి ఆడేలా, చెమట కింద నిలవకుండా ఉండేలా నురగ రబ్బరు మిశ్రమాన్ని మెరుగుపరిచాడు. ఒక్కో వేషానికి మూడు గంటలకు పైగా పట్టేది. నటులు స్ట్రాతో తాగేవారు, అద్దంలో చూసుకుంటూ జాగ్రత్తగా తినేవారు.

చింపాంజీ వేషం కట్టిన రాడీ మెక్‌డవల్ తోటి నటులకు చెప్పిన సలహా ఒకటుంది: ముఖాన్ని ఊరికే ఉంచొద్దు, ముక్కు ఎగరేస్తూ పెదవి కదిలిస్తూ ఉండండి, లేకపోతే తెర మీద అది ముసుగులాగే కనిపిస్తుంది. తొడుక్కున్నవాడు పని చేస్తేనే చూసేవాడు నమ్ముతాడన్న రహస్యం అందులో ఉంది. చాంబర్స్ ఆ పనికి చోటు వదిలిపెట్టాడు. ఏళ్ల తరబడి నిజమైన రోగుల ముఖాలు చూసినవాడికే తట్టే ఆలోచన అది. ముఖమంటే బొమ్మ అనుకోలేదు అతను, రోజంతా వాడుకునే వస్తువు అనుకున్నాడు.

అప్పటికి ఆస్కార్లలో మేకప్‌కు ప్రత్యేక బహుమతి లేదు. 1969లో చాంబర్స్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. మేకప్ విభాగం స్థిరపడింది 1981 సినిమాలతో. ఇంకో చిత్రమైన సంగతి: వేషాల విద్యలో అతను అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకు కూడా సాయం చేశాడు. 1980లో టెహ్రాన్‌లో చిక్కుకున్న ఆరుగురు అమెరికన్ దౌత్య ఉద్యోగుల్ని సినిమావాళ్లుగా నమ్మించి బయటికి తెచ్చిన పథకంలో, ఉత్తుత్తి సినిమా కంపెనీ పెట్టడానికి తోడ్పడింది అతనే. ‘ఆర్గో’ సినిమా చూసినవాళ్లకు ఆ కథ తెలుసు.

అదే ఏడాది, జైపూర్‌లో

హాలీవుడ్‌లో కోతి ముఖాలు నమలడం నేర్చుకుంటున్న ఆ 1968లోనే, జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో ఒక రబ్బరు పాదం రూపు దిద్దుకుంటోంది. దాని వెనక ఇద్దరు మనుషులు. ఒకరు ఎముకల డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ. ఇంకొకరు శిల్పుల ఇంట పుట్టిన పండిట్ రామచంద్ర శర్మ. బడి చదువు పెద్దగా లేని శర్మ ఆస్పత్రిలో రోగులకు చేతిపనులు నేర్పేవాడు. అందరూ ‘మాస్టర్జీ’ అనేవారు.

అప్పట్లో దొరికే మంచి పాదం అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తయారుచేసిన ‘సాచ్’ పాదం. లోపల గట్టి చెక్క, మడమలో మెత్తటి దిండు. చీలమండ కదలదు. దాన్ని బూటులో పెట్టుకునే నడవాలి. కుర్చీలో కూర్చుని, బల్లమీద తిని, తారు రోడ్డు మీద నడిచేవాడికి అది చక్కగా సరిపోతుంది. రాజస్థాన్ రైతు బాసింపట్టు వేసుకుని తింటాడు. పొలంలో గొంతుక్కూర్చుంటాడు. తడి మడిలో ఉత్త కాళ్లతో దిగుతాడు. గుడికీ వంటింటికీ బూటు బయటే వదలాలి. ఆస్పత్రి ఇచ్చిన ఖరీదైన కాలు ఇంటికెళ్లి అటకెక్కేది. రోగి మళ్లీ చంకకర్రలతో కనిపించేవాడు.

సేఠీ, శర్మ దాన్ని రోగి తప్పుగా తీసుకోలేదు. శర్మ సైకిల్ టైరు పంక్చరై ఆగిన చోట లారీ టైర్లకు కొత్త రబ్బరు వేయడం చూశాడని, అక్కడే ఆలోచన మొలిచిందని జైపూర్‌లో చెప్పుకుంటారు. మొదట పోసిన రబ్బరు పాదం బరువైపోయింది, వంగలేదు. పాదాన్ని భాగాలుగా చూడటం మొదలుపెట్టాక దారి దొరికింది. మడమకు, మునిపాదానికి హవాయి చెప్పుల్లో వాడేలాంటి నురగ రబ్బరు దిమ్మలు. చీలమండ దగ్గర చెక్క దిమ్మ, అందులో కాలికి బిగించే బోల్టు. వీటన్నిటి చుట్టూ టైరుకు బలమిచ్చే నైలాన్ దారాల గుడ్డ, అడుగున టైరు రబ్బరు, పైన ఒంటి రంగు రబ్బరు. ఈ మూటను మనిషి పాదం ఆకారంలో ఉన్న అల్యూమినియం అచ్చులో పెట్టి వేడి పెడితే అన్నీ అతుక్కుని ఒకటైపోతాయి. అచ్చు తెరిస్తే అయిదు వేళ్లతో పాదం వస్తుంది.

ఈ పాదం ముందుకీ వెనక్కీ వంగుతుంది. పక్కలకు కూడా ఒరుగుతుంది కాబట్టి ఎగుడుదిగుడు నేలమీద పడదోయదు. తడిస్తే పాడవదు. గొంతుక్కూర్చోనిస్తుంది. బూటు అక్కర్లేదు. పైన కాలి గొట్టాన్ని మొదట అల్యూమినియం రేకుతో కొట్టేవారు, తర్వాత సాగునీటి గొట్టాలకు వాడే ప్లాస్టిక్‌తో చేశారు. సేఠీ దీనికి పేటెంటు తీసుకోలేదు. చేయదలచినవాడు ఎవడైనా చేసుకోవచ్చు.

మొదటి ఏడేళ్లూ ఈ పాదం అందింది కొన్ని పదుల మందికే. 1969లో కారు ప్రమాదంలో కాలు పోగొట్టుకోబోయి బయటపడ్డ ఐఏఎస్ అధికారి డి.ఆర్. మెహతా 1975లో భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి పెట్టాక అది లక్షల మందికి చేరింది. రోగి డబ్బు కట్టనక్కర్లేదు. చాలామంది వచ్చిన రోజో మర్నాడో కొత్త కాలితో ఇంటికి వెళతారు. మందుపాతరల అఫ్గానిస్తాన్ దాకా వెళ్లింది ఈ పాదం.

మయూరి

రైతు కోసం చేసిన ఆ పాదం రంగస్థలం ఎక్కుతుందని శర్మ గానీ సేఠీ గానీ అనుకుని ఉండరు. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో సుధాచంద్రన్ అనే భరతనాట్య కళాకారిణి గాయపడింది. అప్పుడామెకు పదహారేళ్లయినా నిండలేదు. గాయం కుళ్లి, కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. సేఠీ గురించి పత్రికలో చదివి ఆమె జైపూర్ వెళ్లింది. ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది ఆ 1981లోనే.

భరతనాట్యానికి జైపూర్ పాదం ఎందుకు సరిపోయిందో కొంచెం దగ్గరగా చూడాలి. నాట్యం ఉత్త కాళ్ల మీద. బూటుతో నడిచే పాదం గజ్జె కట్టడానికే పనికిరాదు. తట్టడవులో అరికాలంతా ఒక్కసారి నేలను కొట్టాలి, చప్పుడు రావాలి. అరమండిలో మోకాళ్లు బయటికి వంచి సగం కూర్చున్న భంగిమలో నిలవాలి. మోకాలు ఆమెదే మిగిలింది కాబట్టి ఆ వంపు ఆమె చేతిలో ఉంది. చీలమండ వంగాలి, అది పాదం ఇచ్చింది. గొంతుక్కూర్చునే రైతు కోసం పెట్టిన వంపే నర్తకికి అరమండి ఇచ్చింది. కష్టమైనది మునివేళ్ల మీద లేచి మడమ కొట్టే అడవు. రబ్బరు వేళ్లు నేలను పట్టుకోవు, లేని పాదం ఎక్కడుందో మెదడుకు కబురు రాదు. అదంతా తొడ కండరాలు కొత్తగా నేర్చుకోవాలి. నేర్చుకునే నెలల్లో మిగిలిన కాలి చివర ఒరుసుకుని రక్తం కారేది. 1984 జనవరిలో ముంబయిలో ఆమె మళ్లీ వేదిక ఎక్కింది.

ఆ వార్త హైదరాబాద్ చేరింది. రామోజీరావు ఉషాకిరణ్ మూవీస్ మీద, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1985లో ‘మయూరి’ వచ్చింది. తన కథలో తానే నటించిన సుధాచంద్రన్‌కు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక జ్యూరీ పురస్కారం దక్కింది. మరుసటి ఏడాది హిందీలో ‘నాచే మయూరి’ అయింది. ఉత్తరాదివాళ్లు హిందీలో చూడకముందే మన ఊళ్లలో జనం ఆ పేరు పెట్టుకుని మాట్లాడుకున్నారు.

సినిమాల్లో కృత్రిమ అవయవం ఉన్నట్టు తెలియకపోవడమే దాని విజయం. సింగీతమే తర్వాత ‘విచిత్ర సోదరులు’లో కమల్‌హాసన్‌ను పొట్టివాణ్ని చేశాడు, ‘భైరవద్వీపం’లో బాలకృష్ణను కురూపిని చేశాడు. 1996లో ‘భారతీయుడు’ సేనాపతి ముఖానికి మైకేల్ వెస్ట్‌మోర్‌ను హాలీవుడ్ నుంచి పిలిపించారు. అక్కడంతా ప్రేక్షకుడు మరిచిపోవాలి. ‘మయూరి’లో మరిచిపోకూడదు. ఆ పాదం రబ్బరుదని తెలిసి చూస్తేనే ఆ నాట్యం విలువ తెలుస్తుంది. అన్ని వేషాల్లోనూ లేనిది ఉన్నట్టు నమ్మించడం కళ అయితే, ఇక్కడ ఉన్నది దాచకపోవడం కళ అయింది. ప్యారిస్ సైనికుడు ముసుగుతో జనంలో కలిసిపోవాలని కోరుకున్నాడు. ముంబయి నర్తకి జనమంతా చూస్తుండగా వేదిక మధ్యకు వచ్చింది. ఇద్దరి మధ్య తేడా ధైర్యంలో లేదు, చేతికి దక్కిన వస్తువులో ఉంది. ఒకటి కప్పిపెట్టడానికి చేసింది, ఇంకొకటి పని చేయడానికి చేసింది.

ఎవరి పేరు మిగిలింది

ఇప్పుడు ఆస్పత్రీ స్టూడియో ఒకే సిలికాన్ వాడుతున్నాయి. ముఖం మీద వయసు పెంచడానికి సినిమావాళ్లు పోసే పదార్థమే, కేన్సర్‌తో ముక్కు పోయినవాడికి ముక్కు అవుతోంది. కళ్లజోడుకు వేలాడదీసే అవసరం కూడా తగ్గింది. ఎముకలో నాటే టైటానియం స్క్రూల మీద చెవిని బిగిస్తున్నారు. సామగ్రి కలిసిపోయాక కూడా పాత రెండు ప్రశ్నలు అలాగే ఉన్నాయి. ఇప్పటికీ చేతులు, కాళ్లు కొనేటప్పుడు ఇంటివాళ్లు మొదట అడిగేది ‘చూస్తే తెలుస్తుందా?’ అనే. రోజూ దాన్ని మోసేవాడు అడగాల్సినది ఇంకోటి ఉంది. దీంతో నేను ఏ పని చేసుకోగలను?

ఈ భాగంలో కనిపించినవాళ్లలో రెండో ప్రశ్న బాగా వినిపించుకున్నవాళ్లను వరసగా చూస్తే ఒక సంగతి తోస్తుంది. పొణికి కర్ర చెక్కేవాడు, చుట్టి వేసేవాడు, రోగుల ముక్కులు చేసి వచ్చిన చాంబర్స్, జైపూర్ మాస్టర్జీ. అందరూ చేతిపనివాళ్లే, తొడుక్కునేవాడి పక్కనే కూర్చుని పనిచేసినవాళ్లే. సేఠీకి పద్మశ్రీ, మెగసెసే వచ్చాయి, అర్హమైనవే. పాదం చెక్కిన రామచంద్ర శర్మ పేరు మాత్రం జైపూర్ దాటి అంతగా వినపడలేదు. ఒక డాక్టరు, ఒక శిల్పి కలిసి చేసిన పనిని మనం డాక్టరు ఖాతాలోనే రాసుకున్నాం. వైద్యచరిత్ర పుస్తకాల్లో ఆ ఖాతా సరిచేసేదాకా, కృత్రిమ అవయవాల కథను సగమే చెప్పుకుంటున్నట్టు లెక్క.

వచ్చే భాగంలో: కండరం పంపే కబురు విని కదిలే చేయి. 1960 ప్రాంతంలో మాస్కోలో కోబ్రిన్‌స్కీ బృందం తయారుచేసిన ‘రష్యన్ చేయి’, థాలిడొమైడ్ మాత్రల వల్ల చేతుల్లేకుండా పుట్టిన పిల్లలు, వాళ్లకు పెద్దలు తగిలించిన యంత్రాల్ని ఆ పిల్లలే తీసి పక్కన పెట్టిన కథ.